చప్పరించకూడని బిళ్ల

సినిమావాళ్ల పేట కృష్ణానగర్‌లోని మెడికల్ షాపుల్లో ఎముకలు గుల్లబారినవాళ్లకి ఇచ్చే అలెండ్రోనేట్ స్ట్రిప్ చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. వారానికి ఒక్క బిళ్ల, 70 మిల్లీగ్రాములు. దాని వెనకున్న పనితనం మాత్రం నన్ను ఎప్పుడూ అబ్బురపరుస్తుంది.

మూలం మన ఒంట్లోనే ఉంది. కాల్షియం ఎక్కడపడితే అక్కడ పేరుకోకుండా పైరోఫాస్ఫేట్ కాపాడుతుంది. మందుగా ఇస్తే నిలవదు, ఎంజైములు ఇట్టే విరిచేస్తాయి. దానిలో రెండు ఫాస్ఫరస్‌ల మధ్య ఆక్సిజన్ ఉంటుంది. ఆ చోట కార్బన్ ఉన్న పదార్థాలైతే ఎంజైములకు లొంగవు. 1960ల్లో స్విట్జర్లాండ్‌లో హెర్బర్ట్ ఫ్లైష్, ఆయన సహచరులు వాటిని ఎముకల వైద్యంలోకి తెచ్చారు. ఒక్క పరమాణువు తేడా!

వాటిలో ఒకటైన అలెండ్రోనేట్‌లో ఆ ఫాస్ఫరస్ జంట ఎముకలోని కాల్షియాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఎముకను కరిగించే కణం అక్కడ పనికి దిగితే మందు కూడా దాని లోపలికి పోతుంది. అప్పుడు మందులోని నైట్రోజన్ కొస ఆ కణానికి అవసరమైన ఎంజైమును కట్టేస్తుంది. నష్టం చేసేచోటే కాచుకుని కూర్చునే మందు ఇది. అమెరికాలో 1995లో అనుమతి వచ్చింది.

అయితే ఆ పట్టు దారిలో ఏ కాల్షియాన్నీ వదలదు. మింగినదాంట్లో ఒక శాతం కూడా రక్తంలోకి చేరదు. కాఫీతో వేసుకుంటే ఆ కాస్తలోనూ సగానికి పైగా పోతుంది. అందుకే పరగడుపున, ఉత్త మంచినీళ్లతో. చాయ్ తాగందే షూటింగ్ బండి ఎక్కని ఈ పేటలో, తెల్లవారుజామున అరగంట చాయ్ ముట్టకుండా ఉండే పెద్దమ్మలంటే నాకు గౌరవం.

ఇక నోటి సంగతి. ఈ మందు మెత్తటి పొరల మీద నానితే వాటిని కాలుస్తుంది. మింగలేక చప్పరించినా, నమిలినా నాలుక మీదో చిగుళ్ల మీదో పుండ్లు లేస్తాయి. పచ్చడి మెతుకు తగిలితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. విటమిన్ తక్కువై వచ్చిన నోటిపూత అనుకుని బి-కాంప్లెక్సు వేసుకుంటూ, వారం వారం ఈ బిళ్లనూ చప్పరిస్తూ పోతే అవి మానే దారేది? బిళ్ల నోట్లో నానడం ఆగితే సాధారణంగా మానిపోతాయి. దవడ ఎముక బయటపడటం అనే అరుదైన సమస్య వేరు, దానికి దంతవైద్యుణ్ణి వెంటనే కలవాలి.

అందుకే మందు తయారీలో చివరి మెరుగు షాపు కౌంటర్ దగ్గర పడుతుందంటాను. స్ట్రిప్ చేతిలో పెడుతూ, “కూర్చుని గ్లాసుడు నీళ్లతో ఒక్కసారే మింగెయ్యండమ్మా, చప్పరించొద్దు, అరగంటదాకా పడుకోవద్దు” అని విడమరిచి చెప్పే మనిషి, ఆ పరమాణువుల అమరికకు తోడు నిలిచినవాడే. అలా కూడా మింగలేనివాళ్లు డాక్టరుకు చెప్పాలి. ఏడాదికోసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆసిడ్ ఉంది, దానికి నోటితో పనే లేదు.