పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఒక ఏడాది: సాహిత్యం చూసిందెంత?

తెలుగులో స్త్రీలు రాసిన తొలి కథల్లో ఒకటైన భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ (1902) ఒక పేద యువ కుటుంబం కథ. పండగ పూట ఇంట్లో ఏమీ ఉండదు. భర్త తప్పుదారిలో డబ్బు తేవడానికి సిద్ధపడతాడు, భార్య అతన్ని నిలవరిస్తుంది. స్త్రీకి ఒక నైతిక వ్యక్తిత్వాన్ని ఇచ్చిన కథగా దాన్ని మనం గౌరవంగా గుర్తుపెట్టుకున్నాం. మళ్లీ చదివినప్పుడు నన్ను ఆపింది వేరే విషయం. ఆ సంసారమంతా ఆ పండగ పూటలోకే ఒదిగిపోయింది. అంతకు ముందు అదే లేమిని ఆ ఇల్లాలు ఎన్ని నెలలు, ఏం చేసి ఈదుకొచ్చింది? పండగ వెళ్లిన మర్నాడు పొద్దున ఆ ఇంట్లో ఏం జరిగింది? కథకు ఈ ప్రశ్నలతో పనిలేదు.

ఆ కథ వచ్చి నూటయిరవై ఏళ్లు దాటింది. కొత్తగా కాపురం పెట్టి, చంకలో పసిబిడ్డ ఉన్న జంట ఇల్లు అప్పటినుంచి మన సాహిత్యంలోకి చాలాసార్లు వచ్చింది. అయితే అది ఎక్కువగా ఒక రాత్రిగా, ఒక గొడవగా, ఒక నిర్ణయంగా వచ్చింది. ఆ ఇంట్లో ఒకదాని మీద ఒకటిగా పేరుకుపోయే మూడువందల అరవై అయిదు రోజులు రావడం అరుదు. దీన్ని కేవలం శిల్పానికి సంబంధించిన లోపంగా నేను చూడడం లేదు. హన్మకొండలో తెలుగు పాఠాలు చెప్తూ ఇన్నేళ్లుగా గమనించిన విషయం ఒకటుంది. పరిశోధనలో చేరిన అమ్మాయిలు ఆగిపోయేది ఎక్కువగా ఆ ఒక్క ఏడాదిలోనే. చదువు మానెయ్యమని ఎవరూ అనరు. భర్తలు మంచివాళ్లే, అత్తలు బిడ్డను ఎత్తుకునేవాళ్లే. ‘ఏమైంది?’ అని అడిగితే వాళ్ల దగ్గర చెప్పడానికి ఒక సంఘటన ఉండదు. ‘ఏం లేదు మేడమ్, కుదర్లేదు’ అంటారు. హింసకు, అవమానానికి, నిషేధానికి మాటలిచ్చిన స్త్రీవాద సాహిత్యం ఈ ‘కుదర్లేదు’కు ఎంతమేరకు మాటలిచ్చింది?

1980ల నుంచి వచ్చిన స్త్రీవాద కవిత్వం ఇంటిని ప్రధానంగా ఒక స్థలంగా చూపింది. విమల ‘వంటిల్లు’, కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ అన్న పేర్లే అందుకు సాక్ష్యం. 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చేనాటికి గది, గడప, గోడ అన్నవి మన విమర్శకు పరిభాషగా స్థిరపడ్డాయి. ఇది చిన్న విజయం కాదు. అప్పటిదాకా పవిత్రమనీ సహజమనీ చెప్పిన చోట్లను రాజకీయ స్థలాలుగా నిలబెట్టిన కవిత్వమది. అయితే కవిత పనిచేసేదే సాంద్రత వల్ల. వెయ్యి పూటల వంటను ఒక ప్రతీకగా కుదించినప్పుడు ప్రతీకకు బలం వస్తుంది, ఆ వెయ్యి పూటలు మాత్రం కనిపించకుండా పోతాయి. గోడ ఉన్నచోట దాన్ని బద్దలు కొట్టమనవచ్చు. తలుపులన్నీ తెరిచే ఉండి రోజే మిగలనప్పుడు ఏ ప్రతీక పనికొస్తుంది?

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ ఈ ప్రశ్నకు బాగా దగ్గరగా వెళ్లిన కథ. ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోయిన ఈగ కథ మన పిల్లలందరికీ తెలుసు. దానిమీద నిలబడి, ఇంటిపనిలో పడి పేరు మర్చిపోయిన గృహిణిని సత్యవతి సృష్టించారు. ఆ మరుపు ఒక్కరోజులో వచ్చింది కాదు. అలకడం అనే క్రియ పునరుక్తమయ్యే కొద్దీ వచ్చింది. కథలో అసలు బలం అక్కడుంది. మన తరగతి గదుల్లో, వ్యాసాల్లో మాత్రం ఆమెకు పేరు దొరికిన ఘట్టం మీదే చర్చంతా నడుస్తుంది. అస్తిత్వ స్పృహ, మెలకువ, చైతన్యం అని మనకు ఇష్టమైన మాటలన్నీ అక్కడ సరిపోతాయి. పేరు దొరికించుకుని ఆమె తిరిగొచ్చింది ఆ ఇంటికే కదా, మర్నాడు ఇల్లెవరు అలికారు అని ఒకసారి నా విద్యార్థిని అడిగింది. కథను తక్కువ చేసే ప్రశ్న కాదది. మెలకువ వచ్చాక కూడా పనులు ఉంటాయనీ, అసలు తగాదా ఆ పనుల మధ్యే నడుస్తుందనీ ఆ అమ్మాయి చెప్పదల్చుకుంది.

రంగనాయకమ్మ నవలల్లో మన విమర్శ ఎక్కువ బరువిచ్చింది ‘జానకి విముక్తి’కి. ‘స్వీట్ హోం’ను హాస్య నవలగా చదివి పక్కన పెట్టినవాళ్లే ఎక్కువ. కానీ విమల, బుచ్చిబాబుల ఆ కాపురంలో నాకు కావలసిన లక్షణమొకటి ఉంది. అక్కడ సమస్య ఒకసారి పరిష్కారమై ఊరుకోదు. ఇవాళ తీరిన తగాదా ఇంకో రూపంలో మళ్లీ వస్తుంది. అతను నేర్చుకున్నది మర్చిపోతాడు, ఆమె మళ్లీ చెప్పాల్సొస్తుంది. ఇల్లు విడిచి వెళ్లే స్త్రీ కథకు ఒక ముగింపు దొరుకుతుంది. ఇంట్లో ఉండి రోజూ బేరమాడే స్త్రీ కథకు ముగింపు దొరకదు, దొరికేవి ప్రకరణాలే. మనం తేలికగా తీసుకున్న ఆ నవ్వుల వెనక కాలానికి సంబంధించిన ఈ ఎరుక ఉందని నా అభిప్రాయం.

ఇక అచ్చయిన సాహిత్యం పక్కన ఒక అచ్చుకాని పాఠ్యాన్ని పెట్టి చూస్తాను. 1999 జూన్ నుంచి 2000 జూన్ దాకా మా ఇంటి పద్దులు రాసిన నోటుబుక్కు అది. ఆ ఏడాది మొదట్లో మేం హన్మకొండలో రెండు గదుల ఇంట్లోకి మారాం. ఆగస్టులో పాప పుట్టింది. గంటల లెక్కన పాఠాలు చెప్తున్న ఒక ప్రైవేటు కాలేజీ కాన్పు తర్వాత నన్ను తిరిగి తీసుకోలేదు. జనవరిలో ఇంకోచోట సాయంత్రం బ్యాచ్ దొరికింది. నోటుబుక్కులో ఈ మార్పులేవీ ఈ మాటల్లో లేవు. పాలు, కిరోసిన్, వస, గ్రైప్ వాటర్, బస్ పాస్ ఉన్నాయి. ఫిబ్రవరిలో మేడారం జాతరకు పాప నిలువెత్తు బంగారం కోసం కొన్న బెల్లం ఏడు కిలోలు అని ఉంది.

పాఠ్యంగా చదివితే ఇందులో మొదట కనిపించేది ఖాళీ. ఆగస్టు నుంచి అక్టోబర్ చివరిదాకా పేజీలు తెల్లగా ఉన్నాయి. అప్పుడు నేను బాలెంతగా తల్లిగారింట్లో ఉన్నాను. పద్దు లేదంటే ఖర్చు లేదని కాదు. ఆ మూడు నెలల ఖర్చు, స్నానాలు, పథ్యాలు, రాత్రి జాగారాలు అన్నీ మా అమ్మ లెక్కలోకి పోయాయి. అమ్మ ఏ లెక్కా రాసిపెట్టుకునే మనిషి కాదు. యువ దంపతులు తమంతట తాము నిలబడ్డారని మనం చెప్పుకునే ప్రతి ఇంటి వెనకా ఇలాంటి తెల్ల పేజీలు ఉంటాయి.

రెండోది మార్జిన్. నవంబర్ పేజీల అంచుల్లో అప్పుడు చదువుతున్న పుస్తకాల పేర్లు, వ్యాసానికి పనికొస్తాయనుకున్న రెండు మూడు వాక్యాలు ఉన్నాయి. డిసెంబర్‌లో పేర్లే మిగిలాయి. జనవరి నుంచి మార్జిన్ ఖాళీ. ఆగిపోయిన తేదీ ఫలానా అని చెప్పలేను. ‘కుదర్లేదు’ అంటే చూడటానికి ఇలా ఉంటుంది.

మూడోది చేతిరాత. మార్చిలో కుడిపేజీ మీద మా ఆయన రాత మొదలవుతుంది. దానికి ముందు మా మధ్య పెద్ద చర్చేమీ జరగలేదు, ఆయనకు జ్ఞానోదయమూ కాలేదు. సాయంత్రం బ్యాచ్ డబ్బులు ఇంటికి అవసరమయ్యాయి కాబట్టి ఆయన పెందలాడే ఇల్లు చేరాల్సొచ్చింది. కూరగాయలు కొన్నవాడు పద్దు రాశాడు. మార్పు చైతన్యం నుంచి అవసరానికి నడుస్తుందని మన కథలు చెప్తాయి. మా నోటుబుక్కులో అది అవసరం నుంచి బయల్దేరింది. అయితే ఎడమపేజీ చివరిదాకా నా రాతలోనే ఉంది. ఆ పేజీ మీద ఉండేది ‘అయిపోయినవి’ జాబితా. నూనె అయిపోవచ్చింది, పాప టీకా పదో తారీకు, గ్యాస్ బుక్ చెయ్యాలి. అంటే పని కొంత పంచుకున్నాం, గుర్తుపెట్టుకోవడం మాత్రం పంచుకోలేదు.

జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాలవినియోగ సర్వేలను ఈ రెండు పేజీల పక్కన పెట్టి చూడాలి. 2019లో ఇంటిపని చేసిన స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, ఆ పని చేసిన పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. 2024లో అవి 289, 88 అయ్యాయి. స్త్రీల పని పది నిమిషాలు తగ్గిందని సంతోషించబోతే పురుషులది తొమ్మిది నిమిషాలు తగ్గింది. మధ్యన ఉన్న అంతరం 202 నుంచి 201కి వచ్చింది. పైగా సర్వే కొలిచేది చేసిన పనిని. ఎడమపేజీ ఏ నిమిషాల్లోకీ రాదు. ఉద్యోగినుల ప్రసూతి సెలవును 1961 చట్టంలోని 12 వారాల నుంచి 2017లో 26 వారాలకు పెంచారు. అది ఎంతో అవసరమైన మార్పే. కానీ గంటల లెక్కన పనిచేసే ఆడవాళ్లలో ఎందరికి అది అందుతోంది? అందినవాళ్లకైనా ఇరవై ఏడో వారం సంగతేమిటి?

నోటుబుక్కులో నాలుగోది, నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది, ‘రాలేదు’ అన్న మాట. అంట్లు తోమి బట్టలుతకడానికి వచ్చే ఆమె గురించి ఆ ఏడాది మొత్తంలో ఉన్నది నెల జీతం అంకె, అక్కడక్కడా ‘రాలేదు’. ఒక్కచోట ‘బిడ్డకు జెరం’ అని ఉంది. అంటే ఆమె ఇంట్లోనూ పసిబిడ్డ ఉన్న ఏడాదే నడిచింది. దాని జాడ నా పాఠ్యంలో ఆమె లేకపోవడంగానే మిగిలింది. వరంగల్ జిల్లా నుంచే వచ్చిన జూపాక సుభద్ర, దళిత స్త్రీల వైపు నుంచి స్త్రీవాదాన్ని నిలదీసిన ప్రశ్న ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. మీరు విముక్తి కోరుతున్న వంటిల్లు ఎవరిది? పొద్దుగాల లేచి కూలికో పాచిపనికో పోయే స్త్రీకి వంటింట్లో బందీ కావడానికి ఇల్లు, తీరిక ఏవీ? నేను దీనికి కాలాన్ని కూడా కలుపుతాను. ఒక యువ కుటుంబానికి మిగిలిన రెండు గంటలు చాలాసార్లు ఇంకో యువ కుటుంబం నుంచి వచ్చిన రెండు గంటలు.

వరంగల్ కొత్తవాడకు వెళ్తే ‘ఇంటిపని, బయటిపని’ అన్న మన విభజన కూడా నిలవదు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాల వెనక మగ్గం, పొయ్యి, తొట్టెల ఒకే కప్పు కింద ఉండే ఇళ్లున్నాయి. ఒక చేత్తో తొట్టెల ఊపుతూ ఇంకో చేత్తో కండెలు చుట్టే తల్లి చేస్తున్నది ఏ పని? ఆ కండెల లెక్క ఇంటాయన నేతలో కలిసిపోతుంది.

అయితే రోజుల్ని పట్టుకున్న పాఠ్యాలు మనకు అసలే లేవా? ఉన్నాయి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను చూడండి. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలను కూర్చోబెట్టి, వాళ్ల మాటను వాళ్ల పద్ధతిలో సాగనిచ్చి నమోదు చేసిన పుస్తకమది. అందుకే అందులో తుపాకులతో పాటు తిండి, కాన్పు, బిడ్డలు ఉన్నాయి. అప్పటి వరంగల్ జిల్లా మానుకోట ప్రాంతపు కమలమ్మ, అడవిలో దళంతో ఉంటూ కన్న బిడ్డను విడిచిపెట్టాల్సి రావడం గురించి చెప్పింది. మానుకోట 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. పోరాట చరిత్రల్లో ‘త్యాగం’ అన్న ఒక్కమాటతో దాటిపోయే విషయం ఆమె నోట వింటే ఒక్కమాటతో పోదు. పెద్ద మార్పు కోసం ఇంటి రోజుల్ని పక్కన పెట్టమన్నప్పుడు ఎవరి రోజులు పక్కకు పోయాయో ఆమె మాట చెప్తుంది. అమెరికన్ కవయిత్రి ఏడ్రియన్ రిచ్ 1976లో మాతృత్వం మీద రాసిన ‘ఆఫ్ వుమన్ బార్న్’లో, పిల్లలు చిన్నగా ఉన్ననాటి తన డైరీ పుటల్నే సిద్ధాంత చర్చ మధ్యలో పెట్టింది. రెండు చోట్లా రోజువారీ మాటను విమర్శకు, చరిత్రకు ముడిసరుకుగా కాక సాక్ష్యంగా తీసుకున్నారు.

కాత్యాయనీ విద్మహే వంటి విమర్శకులు పనిచేసిన కాకతీయ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు మాది. స్త్రీల సాహిత్యాన్ని వెతికి చదవడం ఇక్కడ కొత్త కాదు. ఆ వెతుకులాట ఇప్పుడు ఇంకొంచెం ముందుకు పోవాలి. కథ చదివినప్పుడు పాత్రకు చైతన్యం వచ్చిందా లేదా అన్నదానితో పాటు మర్నాడు ముందు లేచిందెవరు, ఆ పనికి కాలం ఎవరి నుంచి వచ్చింది అని కూడా అడగాలి. ఇల్లు విడిచిపోని స్త్రీ పాత్రను రాజీపడినదిగా కొట్టిపారేసే అలవాటు నుంచి విమర్శ బయటపడాలి. ముఖ్యంగా, ఆ ఏడాదిలో ఉన్న స్త్రీ నుంచి పూర్తయిన కథనో, పాదసూచికలున్న వ్యాసాన్నో ఆశించడం మానాలి. ఆమెకు దొరికేది ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాల్లో రాయగలిగిన రూపానికి మన పత్రికల్లో చోటుండాలి.

పద్దుల పుస్తకాలు, బిడ్డ టీకా కార్డు వెనక రాసుకున్న మాటలు, తల్లిగారింటికి రాసి పోస్టు చెయ్యని ఉత్తరాలు మీ ఇళ్లల్లో కూడా ఉంటాయి. బయటికి తీయండి. మీ ఇంట్లో పనిచేసే ఆమె చెప్పదల్చుకుంటే, ఆమె ఏడాదిని ఆమె మాటల్లోనే, ఆమె పేరు ఆమె పెట్టమన్నట్టే పెట్టి రాయండి. తేదీలు లేకపోయినా, వాక్యాలు మధ్యలో ఆగినా ఫర్వాలేదు. ఎక్కడ ఆగాయో అక్కడినుంచే చదవడం మొదలుపెడదాం.