పోచంపాడు గేట్లు, బాసర నీళ్ళు

బాసర ఘాటులో నీళ్ళు ఏ మెట్టు దాకా ఉంటాయో ఒక్క వానదేవుడే తేల్చడు. ఎగువన మహారాష్ట్రలో బాబ్లీ బ్యారేజీ, దిగువన పోచంపాడు ప్రాజెక్టు, ఈ రెండు చోట్లా గేట్లు ఎత్తే దించే చేతుల్లోనూ ఆ లెక్క ఉంది. భక్తులు పసుపు పూసిన అమ్మవారి ముఖం చూసి, పిల్లల చేత పలక మీద ఓనమాలు దిద్దించి, గోదాట్లో మునిగి రైలెక్కేస్తారు. నన్నడిగితే, వీలైనవాళ్ళు ఆ నీటిని ఆపి ఉంచిన ఇనుప పనితనాన్నీ చూసిపోవాలి.

కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకున్న గోదావరి బాసర మీదుగా శ్రీరాంసాగర్‌లోకి వెళుతుంది. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ప్రాజెక్టును జనం ఇప్పటికీ పోచంపాడనే అంటారు. దాని నిండు మట్టం 1091 అడుగులు. జలాశయం నిండితే వెనక జలాలు బాసర ముందు నిలుస్తాయి. అడుగంటితే ఘాటు కింద ఇసుక తేలుతుంది.

కట్ట మధ్యలో రాతి కట్టడం మీద 42 గేట్లు వరుసగా ఉంటాయి. ఒక్కో గేటును, ఎడ్లబండి చక్రంలో ఒక ముక్కను కోసి నిలబెట్టినట్టు ఊహించుకోండి. నీళ్ళవైపు వంపు తిరిగిన ఉక్కు పలక ఉంటుంది. దాని వెనక నుంచి బయల్దేరిన చేతులు రెండు పక్కలా స్తంభాల్లో బిగించిన ఇరుసుల దగ్గర కలుస్తాయి. తెలివంతా ఆ వంపులోనే ఉంది. నీరు ఏ పలకనైనా దాని ముఖానికి లంబంగానే నెడుతుంది. వృత్తం ముక్క మీద అలా నెట్టిన ప్రతి నెట్టూ నేరుగా కేంద్రానికే, అంటే ఇరుసుకే పోతుంది. అక్కడి నుంచి స్తంభంలోకి దిగుతుంది. అంత జలాశయం మీద పడుతున్నా ఆ బలం గేటును పైకీ తిప్పదు, కిందికీ తిప్పదు. ఇక ఎత్తే యంత్రం మోయాల్సింది గేటు సొంత బరువు, ఇరుసు దగ్గరా అంచుల రబ్బరు పట్టీల దగ్గరా పుట్టే రాపిడి, అంతే! అంచున పట్టీ అరిగితే మాత్రం మూసిన గేటు పక్కనుంచి సన్నటి ధార చిమ్ముతూనే ఉంటుంది.

గేటు లేచేటప్పుడు నీరు పైనుంచి పొర్లదు, అడుగు సందులోంచి దూసుకొస్తుంది. అందుకే కొన్ని అడుగులు ఎత్తినా దిగువన హోరెత్తిపోతుంది. ఎన్ని గేట్లు, ఎంత ఎత్తు అన్నది ఎగువ నుంచి వచ్చే వరదను చూసుకుని తేలుస్తారు. తొందరపడి వదిలితే యాసంగికి నీళ్ళుండవు, ఆలస్యం చేస్తే వెనక ఊళ్ళు మునుగుతాయి. గేటు కంటే ఈ అంచనాయే కష్టమైన పని.

బాబ్లీది మరో పద్ధతి. 2013 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఏటా జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా దాని 14 గేట్లూ ఎత్తే ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. క్యాలెండరు చూసి గేట్లు నడిపే చోటది. ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ రెండు రాష్ట్రాల ఇంజనీర్లు, కేంద్ర జలసంఘం అధికారులు దగ్గరుండి చూస్తారు.

పోచంపాడు తూముల దగ్గర పుట్టే కాలువల్లో ఒకటి సరస్వతి, ఒకటి లక్ష్మి. బాసర గుడిలోని ముగ్గురమ్మల క్రమం ప్రకారం మూడోది కాళి కావాలి గానీ, ఆ చోటు కాకతీయుల పేరుకు దక్కింది. సరస్వతి కాలువ నిర్మల్ వైపు పొలాలకు పోతుంది. కాకతీయ కాలువ 146వ కిలోమీటరు దగ్గర కరీంనగర్ దిగువ మానేరులో పడి, అక్కణ్ణుంచి మళ్ళీ వరంగల్ దారి పడుతుంది.