తీర్పును, తీరికలేని రోగియును

సర్వోన్నత న్యాయస్థానమువారు 2018వ సంవత్సరము మార్చి 9వ తేదీన 'కామన్ కాజ్' అను సంస్థవారి వ్యాజ్యమునందు చెప్పిన తీర్పును న్యాయవాదులు చట్టముగా చదివిరి. సాహిత్యపత్రికలో దాని ప్రసక్తి యేల యని కొందరు శంకింపవచ్చును. ఐదుగురు న్యాయమూర్తులు కూర్చుండి, నాలుగు అభిప్రాయములుగా, ఐదువందల పుటలకు మించి వ్రాసిన యీ గ్రంథము మన యింటి పెద్దలు కన్నుమూయు విధమును గూర్చి మాటలాడుచున్నది. అట్టిదానిని గ్రంథముగనే చదివి గుణదోషములెన్నుట తప్పు కానేరదు.

ప్రారంభ ముదారమైనది. ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రాగారు వివేకానందస్వామిని, గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరసును, హెమింగ్వేను స్మరించి చావుబ్రతుకులను గూర్చి కవివలె పలికిరి. గౌరవముతో మరణించుట కూడ రాజ్యాంగము 21వ అధికరణమున చెప్పిన జీవనహక్కులోనిదే యనిరి. బుద్ధి స్థిరముగానున్న మనుష్యుడు, తనకు తెలివి తప్పి కోలుకొను నాశ లేనపుడు యంత్రములతో తన యూపిరి పొడిగింపవలదని ముందుగా వ్రాసిపెట్టుకొనవచ్చును. వైద్యుడు సూదిమందుతో ప్రాణము తీయుటకు మాత్రము అనుమతి లేదు. మన పత్రికలవారు ఈ రెంటికిని 'కారుణ్యమరణ' మనియే పేరు పెట్టుచున్నారు. ఇది పెద్ద పొరపాటు. ఇచట రోగి యెవరి కారుణ్యమును యాచించుట లేదు. తాను చెప్పిన మాటను మన్నింపుమనుచున్నాడు.

కాని పుటలు త్రిప్పినకొలది భాష మారినది. వ్రాతపై ఇద్దరు సాక్షులుండవలెను. ప్రథమశ్రేణి న్యాయాధికారి సంతకము చేయవలెను. ప్రతి జిల్లా న్యాయస్థానమునకు పోవలెను. రోగి మంచమున పడినపిమ్మట ఆసుపత్రివారొక వైద్యమండలిని కూర్పవలెను. అందలి నిపుణులకు ఇరువది యేండ్ల యనుభవముండవలెను. వారు సరేయన్న తరువాత కలెక్టరు రెండవ మండలిని నియమింపవలెను. వారును సరేయన్న తరువాత న్యాయాధికారి స్వయముగా వచ్చి రోగిని చూడవలెను. మరణ ధ్రువపత్రమునకై కార్యాలయముల చుట్టు తిరిగినవారికి ఈ వాక్యముల యర్థము వేరుగా చెప్పనక్కరలేదు. మూత్రపిండములు చెడి, యంత్రముపై ఊపిరి తీయుచున్న వానికి అంత తీరిక ఎక్కడిది? ఒక చేత కవిత్వముతో ఇచ్చిన హక్కును రెండవచేత గుమాస్తా వచనముతో తిరిగి లాగుకొన్నట్లయినది.

అయినను ఈ యనుమానము నిష్కారణమని చెప్పజాలను. ఇంతకుముందు 2011లో అరుణా షాన్‌బాగ్ వ్యాజ్యమున, 1973 మొదలు మంచమున పడియున్న యా దాదికి ఆహారము నిలుపుడని బయటినుండి ఒక రచయిత్రి కోరగా, న్యాయస్థానము అంగీకరింపలేదు. ఆమె నన్నియేండ్లు సాకిన ఆసుపత్రివారు ఆమె బ్రతికియుండవలెననిరి. ఆ మాటయే నెగ్గినది. అది న్యాయమే. పోవుచున్న తండ్రి నోట తులసితీర్థము పోయుచునే వ్రేలిముద్ర వేయించుకొన్న కొడుకుల కథలు మన పల్లెలలో విననివారుండరు. కావున ప్రభుత్వము ఒక గుమ్మమున కావలి నిలువవలసినదే. ఏ గుమ్మమున అనునదే ప్రశ్న. వ్రాయునాడు మనుష్యుడు ఆరోగ్యవంతుడు. బలవంతపెట్టినవారెవరైన ఉన్నారా యని అడిగిన బదులు చెప్పగలడు. కావలి అచట నుండవలెను. చివరి మంచముకడ అతడు బదులు చెప్పలేడు. అచట మాటలాడవలసినవారు వైద్యులు. తీర్పు రెండుచోట్లను కావలివానిని నిలిపినది, అదియు మంచముకడ మరింత గట్టిగా.

2023వ సంవత్సరము జనవరి 24వ తేదీన న్యాయస్థానమే తన మాటను సవరించుకొన్నది. నోటరీగాని, గెజిటెడు అధికారిగాని సాక్ష్యమిచ్చిన చాలును. మండలికి మువ్వురు వైద్యులు, నిపుణులకు ఐదేండ్ల యనుభవము, సాధ్యమైనంతవరకు 48 గంటలలో నిర్ణయము. న్యాయాధికారికి ఊరక తెలియజేసిన చాలును. ఇందు కవిత్వము తక్కువ, మేలు ఎక్కువ. వ్రాత ప్రతిని స్థానిక ప్రభుత్వమువారు నియమించిన యధికారి భద్రపరుపవలెనని కూడ ఉన్నది. చదువరులు తమ పురపాలక కార్యాలయమునకు పోయి, ఆ యధికారి యెవరని ఒక్కమారు అడిగిచూడుడు.

నాకు కనబడు పెద్ద లోపము వేరొకటి. ఈ నియమములు వ్రాయనేర్చినవానిని, వ్రాయుటకు జంకనివానిని తలచి చేసినవి. మన యిండ్లలో "చివరకు నీకేమి కావలెను నాన్నా?" అని యడిగిన కొడుకును "అవేమి అపశకునపు మాటలురా!" అని తల్లియే కసరును. పిమ్మట ఆసుపత్రి ఖర్చు పెరుగును. పొలము తాకట్టు పడును. ఒకనాడు డబ్బు నిండుకొనును. అంతట కొడుకు 'వైద్యుల సలహాకు విరుద్ధముగా తీసికొనిపోవుచున్నాను' అను కాగితముపై సంతకము చేయును. చేతితో రబ్బరు సంచి నొత్తి ఊపిరి యందించుచు, అంబులెన్సులో ఆ తండ్రిని ఊరికి చేర్తురు. అరుగుపై దింపినపిమ్మట ఆ సంచిని ఒత్తుట మానుదురు. ఇదియు చికిత్సను నిలుపుటయే. దీనికి మండలి లేదు, రెండవ మండలి లేదు, న్యాయాధికారికి తెలుపుట లేదు, రోగి సమ్మతి లేదు. ఇచట నిర్ణయము చేసినది ఆసుపత్రి బిల్లు. తీర్పులోని నియమావళిలో ఆ కాగితము మాటయే లేదు.