నాలుగవ మితి – వామనుని మూడడుగులు

హోసూరు పట్టణమునకు చేరిన మూకండపల్లిలో నేడు కర్మాగారముల సందడి ఎంత పెరిగినను, తెల్లవారకమున్నే వాకిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టు ఆచారము తెలుగిండ్లలో మాసిపోలేదు. ఈ వ్యాసమునకు మూలము అట్టి ముగ్గొకటి. కొన్నియేండ్ల క్రిందట మా గృహిణి పరమపదించినప్పుడు పరామర్శకు వచ్చిన ఒక పెద్దమనిషి, మా వాకిట ఆ దినములలో ముగ్గు లేనందున, ఎదురింటి ముగ్గును చూపి యిట్లనిరి: "ఆ ముగ్గులోనే బ్రతుకు ప్రాణి యొకటి యున్నదనుకొనుడు. పైనుండి చూచు మనము దానికి కానరాము. ఆమెయు అట్లే నాలుగవ మితినుండి మిమ్ము చూచుచున్నది." ఆ మాట మాకు గొప్ప ఊరట నిచ్చినది. అంత ఊరట నిచ్చినందుననే దానిని పరీక్షింపవలెనని తోచినది.

ఈ పోలిక మన పురాణములలోనిది కాదు. 1884లో ఎడ్విన్ ఆబట్ అను ఆంగ్ల పాఠశాలాధ్యక్షుడు వ్రాసిన 'ఫ్లాట్‌లాండ్' అను చిన్న గ్రంథమువలన ఇది లోకమున వ్యాపించినది. దివ్యజ్ఞాన సమాజమువారు దీనివంటి వాదమును మన ప్రాంతములకు తెచ్చిరి. 1899లో వెలువడిన 'క్లెయిర్‌వాయెన్స్' అను గ్రంథమున లెడ్‌బీటరు దివ్యదృష్టిని నాలుగవ మితితో ముడిపెట్టెను. ఆయన నివసించిన అడయారు మనకు దూరము కాదు. అనిబిసెంటు 1915లో కళాశాల స్థాపించిన మదనపల్లె మరింత దగ్గర. కావున ఊర్ధ్వలోకములన్నియు నాలుగవ మితియే యను మాట మన ఉపన్యాసములలో వినిపించుటలో వింత లేదు.

మొదట మితి యననేమో తెలిసికొందము. పొడవు, వెడల్పు, ఎత్తు అను మూడును ఒండొంటికి లంబముగా నుండును. ఈ మూడింటికిని లంబముగా మరొక దిక్కున్నచో అది నాలుగవ మితి. హోసూరు కొండమీది చంద్రచూడేశ్వరుని ఆలయమునకు మెట్లెక్కి పోవునప్పుడు మనము ఎత్తును పొందుదుమే కాని క్రొత్త మితిని పొందము. కొండకు పైన మేఘమండలము, దానికి పైన నక్షత్రమండలము, అన్నియు ఆ మూడవ మితిలోనివే. 'ఊర్ధ్వ' మను పదమును నాలుగవ మితికి వాడుట మాటలోని తడబాటు.

ఇక ఆబట్ గ్రంథము. అందలి కథానాయకుడు ఒక చతురస్రము. అతని లోకమునకు ఎత్తు లేదు. ఒకనాడు గోళ మొకటి ఆ లోకము గుండా దిగును. చతురస్రమునకు అది బిందువుగా తోచి, వృత్తమై పెరిగి, మరల తరిగి మాయమగును. ఆ గోళము మూసిన బీరువాలోని వస్తువును తలుపు తెరువకయే తీయగలదు. ఇంత చక్కగా ఈ విషయమును బోధించిన కథ మరొకటి మేము చదువలేదు. కాని ఆ చతురస్రము భోజనము చేయు విధమెట్టిది? నోటినుండి అధోద్వారము వరకు ఒక నాళమున్నచో, ఎత్తులేని ఆ దేహము రెండు తునకలై విడిపోవును. ఈ చిక్కును స్టీఫెన్ హాకింగు 1988లో తన 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్' గ్రంథమున ఎత్తిచూపెను. అయితే ద్విమితీయ లోకమున జీవము పొసగునేమో యని జేమ్స్ స్కార్‌గిల్ అను శాస్త్రజ్ఞుడు 2020లో ప్రకటించిన పరిశోధనలో వాదించెను. కావున ఆ తలుపును మేము మూయుట లేదు. ఆబట్ ఆ తలుపు దగ్గరకే పోలేదని మాత్రము చెప్పుచున్నాము. ఆయన లక్ష్యము శరీరశాస్త్రము కాదు. తన కాలపు సంఘమున అంతస్తుల అహంకారము.

మూడింటికి మించిన మితులలో జీవము సంగతి యేమి? 1917లో పాల్ ఎహ్రెన్‌ఫెస్టు అను భౌతికశాస్త్రజ్ఞుడు దీనిని విచారించెను. దీపమునకు రెండింతల దూరము పోయినచో వెలుగు నాలుగవ వంతగును. నాలుగు మితుల లోకమున అది ఎనిమిదవ వంతగును. సూర్యుని ఆకర్షణయు అట్లే తరుగును. అప్పుడు గ్రహము తన కక్ష్యనుండి ఇసుమంత లోనికి జరిగినచో సూర్యునిలో పడును; వెలికి జరిగినచో తిరిగి రాదు. పరమాణువులోని ఎలక్ట్రానులకును నిలుకడ యుండదని తరువాతి గణనములు చూపినవి. నిలుకడయైన పరమాణువు లేనిదే దేహమెక్కడిది? మాక్స్ టెగ్మార్కు 1997లో ఈ వాదములను ఒకచోట కూర్చెను. మన ప్రకృతి నియమములే అచ్చటను వర్తించిననే ఈ వాదము చెల్లును. వేరు నియమములున్న లోకమును గూర్చి ఇది యేమియు చెప్పజాలదు.

శాస్త్రజ్ఞులే అదనపు మితులను చెప్పుచున్నారు గదా యని కొందరు అడుగుదురు. నిజమే. 1921లో కలుజా అట్టి మితి నొకదానిని కల్పించెను. 1926లో క్లెయిను అది మిక్కిలి సూక్ష్మముగా చుట్టుకొని యుండునని చెప్పెను. అంత సూక్ష్మమైన చుట్టలో మనవంటి ప్రాణి కాలు మోపుటకు చోటు లేదు. అమెరికాలోని వాషింగ్టను విశ్వవిద్యాలయమువారు 2020లో ప్రకటించిన కొలతలలో, మిల్లీమీటరులో సుమారు ఇరువదవ వంతు దూరము వరకు ఆకర్షణ న్యూటను నియమమునే అనుసరించినది. అదనపు మితి జాడ వారికి కానరాలేదు.

మన పోతన భాగవతమున అష్టమస్కంధములోని వామనుడు నాలుగవ మితినుండి వచ్చినవాడని చెప్పు వక్తలను విని యున్నాము. పెరుగుట యొక్కటే వారికి ఆధారము. ఇది ఆ ఘట్టమునకు న్యాయము కాదు. నాలుగు మితుల గోళము మన లోకము గుండా దాటినచో బిందువుగా మొదలై, బంతియై పెరిగి, మరల తరిగి మాయమగును. వామనుడట్లు కాక, తన రూపముతోనే పెరిగి, భూమిని ఒక అడుగున, ఆకసమును ఒక అడుగున కొలిచెను. ఆ కొలత యంతయు మన మూడు మితులలోనిదే. మూడవ అడుగునకు చోటు లేనప్పుడు బలి తన శిరస్సును చూపెను. కథకు ప్రాణము అక్కడ నున్నది, ఆడిన మాట తప్పని దాతలో. ఆ ఘట్టమును జ్యామితిగా చదివినచో బలి మరుగున పడును.

ఆబట్ కథలో మరొక సంగతి కలదు. మూడవ మితిని చూచి వచ్చిన చతురస్రము, "మరి నాలుగవది లేదా?" యని గోళము నడిగినప్పుడు, అంతవరకు గురువైన ఆ గోళమే కోపించి అతనిని త్రోసివేయును. ఉన్నదని నమ్మించుటకు గాక, లేదని తెగవేసి చెప్పు గర్వమును నవ్వుటకే ఆ గ్రంథము పుట్టినదని మా అభిప్రాయము. కావున లేదని మేమును తెగవేయము. ఉన్నదని చెప్పువారు మాత్రము శాస్త్రము పేరు పెట్టి చెప్పరాదు. నేడు శాస్త్రమును సాక్షిగా నిలిపిన విశ్వాసము, రేపు ఆ శాస్త్రము మాట మార్చినప్పుడు దిక్కు లేనిదగును.

ఆ పెద్దమనిషిని మేము నేటికిని కృతజ్ఞతతో తలచుచున్నాము. ఆయన చెప్పినది గణితము కాదు, ఓదార్పు. గతించినవారు ఎక్కడ నున్నారను ప్రశ్నకు కొలబద్దతో సమాధానము దొరకదని గ్రహించిన పిదప, మాకు ఆ ఓదార్పు తగ్గలేదు.