విప్పి చూసే పటానికి ఎలుక భయం తక్కువ

చుట్టిపెట్టిన పటాన్ని ఎలుక ఒక్కచోటే కొరుకుతుంది. విప్పితే మాత్రం చిల్లు ఒక్కటి కాదు, వరుసగా పది కనబడతాయి. పన్ను ఎన్ని పొరల్లోకి దిగిందో అన్ని చిల్లులు, అన్నీ పక్క అంచు నుంచి ఒకే దూరంలో, పైచుట్టులో దూరదూరంగా, లోపలికి పోయేకొద్దీ దగ్గరదగ్గరగా. ఒక ఘట్టంలో ఋషి ముఖం పోతుంది, తర్వాతి దాంట్లో పులి తోక, ఆ తర్వాత రథచక్రం. ఒక్క రాత్రి కొరుకుడికి కథలో పది చోట్ల గండి పడుతుంది.

చేర్యాల పటం ఎలుకకు ఎందుకంత ఇష్టమో తెలియాలంటే దాని తయారీ చూడాలి. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా, చేర్యాల 2016 దాకా ఉమ్మడి వరంగల్ జిల్లాలోదే. జనగామకు పొరుగూరే అనుకోవచ్చు. అక్కడి నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించి రుబ్బిన చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత మీద పూత వేస్తారు. ఆరాక గుడ్డ అట్టలా బిగుస్తుంది, ఆ పైన బొమ్మ నిలుస్తుంది. రంగు కింద ఉన్నది చాలావరకు తిండే. డప్పు సంగతీ అంతే. చెక్క గుండుకు మేకతోలు అంటించేదీ చింతగింజల అంబలితోనే. కిన్నెరకున్న ఆనపబుర్రలు, ఒగ్గు డోలు తోలు, చిందు యక్షగానపు ఆహార్యంలోని మెత్తటి పొనికి కర్ర, లంబాడీల పేటియా మీది నూలు కుట్టు, వేటిని తీసుకున్నా ఎలుకకు తినడానికో, గూడు పెట్టుకోవడానికో, పళ్లు అరగదీసుకోవడానికో పనికొస్తాయి. ఎలుక ముందుపళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి, కొరకకుండా అది ఉండలేదు.

ఉమ్మడి వరంగల్ ప్రాంతపు కళాసంపద చాలావరకు ఇలాంటి వస్తువులదే. ఒగ్గు కథను దేశమంతా వినిపించిన చుక్క సత్తయ్యది, 2024లో పద్మశ్రీ అందుకున్న చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యది జనగామ ప్రాంతమే. మహబూబాబాద్ తండాల కుట్టుపని, గోదావరి వైపు కోయల ఇలవేల్పుల పడిగె జెండాలు, అన్నీ గుడ్డ, తోలు, కర్ర, వెదురు. పెంబర్తి ఇత్తడి పని ఒక్కదాన్ని ఎలుక ఏమీ చేయలేదు, అదీ మూత్రం మరక పడనంతవరకే.

అయినా ఇవి తరాల తరబడి ఎలా మిగిలాయి? కథ చెప్పేవాళ్ల చేతుల్లో తిరుగుతూ ఉండబట్టే. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. కాకి పడగలవాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు, డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణం. పంట చేతికొచ్చాక పటం మూట బయలుదేరుతుంది. ఊరూరా రాత్రిళ్లు విప్పుతారు, ఘట్టం ఘట్టం దింపుతారు, మళ్లీ చుడతారు. విప్పిన ప్రతిసారీ దుమ్ము రాలుతుంది, గాలి తగులుతుంది, అంచు చిరిగితే కంటబడుతుంది. విప్పే ముందు చేసే పూజ ఒక తనిఖీ కూడా. జాతరకు పడిగె బయటికి తీసినప్పుడూ అంతే. పటం పాతబడి పనికిరాకుండా పోతే కొత్తది రాయించి, పాతదాన్ని నీటిలో కలిపేవారు. అందుకే పాత పటాలు అరుదు. హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియంలో ఉన్న 1625 ప్రాంతపు భావనాఋషి పటం వంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తిరిగే వస్తువును ఎలుక అంత తేలిగ్గా ముట్టదు. దానికి కావలసింది చీకటి, నిశ్శబ్దం, ఎవరూ కదపని మూల. కథ చెప్పించుకునేవాళ్లు తగ్గి పటం సందుకలో పడుకున్న రోజునుంచే దానికి చేటు మొదలవుతుంది. ఆ పటాన్ని కొనితెచ్చి తాళం వేసిన గదిలో పెట్టి, రిజిస్టర్‌లో రాసి మరిచిపోయే మ్యూజియం ఆ సందుకకే పెద్ద రూపం. గది ఎంత పెద్దదైతే ఎలుకకు అంత సుఖం.

గదిని కట్టుదిట్టం చేసే విద్య మన ఇళ్లలోనే ఉంది. వడ్ల గరిసెను రాళ్ల మీద ఎత్తి పెట్టేది కింద చెమ్మ, కన్నం రెండూ కనబడాలనే. మ్యూజియం బీరువాలు, ర్యాకులు కూడా నేలకు జానెడు ఎత్తున, గోడకు ఎడంగా ఉండాలి. వెనక టార్చి వేసి చూసే సందు లేకపోతే అక్కడ ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. కలుగులో సీసపెంకులు కుక్కి మట్టితో మూసేవాళ్లు మన పెద్దలు. ఇప్పుడు ఆ చోట ఉక్కు పీచు, సన్న జాలీ, పైన సిమెంటు. చిట్టెలుక 6 మిల్లీమీటర్ల సందులోంచి దూరిపోతుంది, అంటే పెన్సిల్ పట్టే కన్నం చాలు. ఏసీ గొట్టం, కరెంటు తీగ, తలుపు కింది ఖాళీ, ఈ మూడూ వెతికితే దొంగదారి చాలావరకు దొరుకుతుంది. గుడ్డపేలికలు, ఫోమ్ కుక్కితే ప్రయోజనం లేదు, వాటిని కొరికి గూటికి మోసుకుపోతుంది. దూలానికి వేలాడే ఉట్టి పాలను కాపాడింది నిజమే, కానీ తాడు పట్టుకుని దిగే ఎలుకలూ ఉన్నాయి. రేవులో ఓడ తాళ్లకు గుండ్రటి రేకు పళ్లేలు తొడిగేది అందుకే. డోలు, డప్పు వేలాడదీసే గదిలోనూ ఆ రేకు పనికొస్తుంది.

ఇక ఎలుకల మందు. ఊళ్లో చేలగట్ల మీద దాని అవసరం వేరు. పటాలున్న గదిలో మాత్రం పెట్టవద్దని నేను గట్టిగా చెబుతాను. మందు తిన్న ఎలుక బీరువా వెనకో, గోడలోనో చస్తుంది. ఆ కళేబరానికి తోలుపురుగులు చేరతాయి. వాటి పిల్లలు ఎలుకను ముగించుకుని తోలు, ఉన్ని, పట్టు, ఈకల మీదికి మళ్లుతాయి. డప్పును ఎలుక నుంచి కాపాడి పురుగుకు అప్పగించినట్టవుతుంది. పిల్లిని పెంచినా దాని వెంట్రుకలతో అదే బాధ. వేపాకు, వస కొమ్ము తాటాకు గ్రంథాల్లో పురుగులకు వేసినవి, వాటితో ఎలుకను ఆపలేం.

బోను మంచిది. ఎలుక సాధారణంగా నడిగది దాటదు, గోడ ఒరుసుకుంటూ పోతుంది కనుక బోనును గోడ వెంటే పెట్టాలి. పల్లీ, ఎండుచేప ఎరగా పెడితే చీమలు, బొద్దింకలు వస్తాయి. స్టోర్ గదిలో బోనుకు చిటికెడు దూది కడితే చాలు, గూడు కట్టాలనుకునే ఆడ ఎలుక దానికోసం వస్తుంది. అదే పట్టుకోవాల్సినది. మూడు వారాల్లో ఈని, ఒక్కో ఈతకు అయిదారు పిల్లలను పెట్టే జీవి అది. ఆ పిల్లలు రెండు నెలలు తిరగకముందే తామూ ఈనే ఈడుకొస్తాయి. బోనును రోజూ చూడాలి, పడినదాన్ని ఆ రోజే తీసేయాలి.

గుర్తులు చదవడం కూడా నేర్చుకోవాలి. చిట్టెలుక పెంటిక బియ్యపు గింజంత, కొసలు సన్నగా ఉంటుంది. బల్లిదానికి కొసన తెల్లచుక్క ఉంటుంది. అంచున జంటపళ్ల గాట్లుంటే ఎలుక, పైపొర గీకినట్టుంటే వెండిచేప పురుగు. అనుమానం ఉన్నచోట సాయంత్రం బూడిద పలచగా చల్లి పొద్దున చూస్తే అడుగులే దారి చెబుతాయి. పంట కోతలయ్యాక, తొలి వానలకు కలుగుల్లో నీళ్లు చేరినప్పుడు ఎలుకలు గోడలవైపు వస్తాయి. ఆ రెండు కాలాల్లో తనిఖీ వారం వారం జరగాలి.

ఈ ప్రాంతంలో రేపు ఎక్కడ సేకరణ గది కట్టినా తాళంచెవితో పాటు ఒక పనినీ బడ్జెట్‌లో రాయాలి. ఏడాదికి రెండుసార్లు ఆ పటాన్ని చెప్పే కుటుంబాన్నే పిలిచి, దారి ఖర్చు, రోజు కూలి ఇచ్చి, శుభ్రమైన బల్ల మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా విప్పించాలి. చిరుగు ఎక్కడుందో క్యూరేటర్ చూస్తాడు, ఏ ఘట్టం పోయిందో వాళ్లు చెబుతారు. చెబుతూ చెబుతూ కథ ఎత్తుకుంటే ఆపకుండా రికార్డు చేసుకోవాలి.