ఖిదిర్‌పూర్ రేవు: పులస లేని లెక్క

కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్ రేవు 1892లో ప్రారంభమైంది. హుగ్లీ నదిలో పేరుకునే ఒండ్రు దానికి ఎప్పుడూ గండమే. ఆ ఒండ్రు కొట్టుకుపోవాలంటే నదిలోకి మరింత నీరు రావాలి. అందుకే గంగపై ఫరక్కా బ్యారేజి కట్టి, సెకనుకు 40,000 ఘనపుటడుగుల నీటిని హుగ్లీకి మళ్ళించాలనుకున్నారు. బ్యారేజి 1975లో పనిచేయడం మొదలుపెట్టింది.

ఇటువంటి పథకాల మంచిచెడ్డలను ఖర్చు, లాభాల విశ్లేషణతో తూస్తారు. ఖర్చు కన్నా లాభం మించితే పథకం మంచిదే! పద్ధతి సులువే. అయితే ఆ లెక్క ఎవరిదో మీరు ముందు అడగాలి.

రేవు కోసమే వేసే లెక్కలో సిమెంటు, ఉక్కు, కాలువ తవ్వకం ఉంటాయి. ఒకప్పుడు సముద్రం నుంచి అలహాబాద్ దాకా ఎదురీదిన ఇలిశ చేప ఉండదు. మన గోదావరి పులస ఆ జాతిదే. బ్యారేజికి ఎగువన ఇలిశ బాగా తగ్గిపోయింది. మాల్దా జిల్లాలో గట్లు కోసుకుపోయి పొలాలు, ఇళ్ళు నదిపాలయ్యాయి. వేసవి నీటి పంపకం కోసం 1996లో బంగ్లాదేశ్‌తో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది.

ఒకరి పనివల్ల మరొకరిపై పడే ఇటువంటి నష్టాన్ని ఆర్థికశాస్త్రం 'బాహ్య వ్యయం' అంటుంది. బ్రిటిష్ ఆర్థికవేత్త పిగూ 1920లోనే దీన్ని చర్చించాడు. అంటే పనిముట్టు చేతిలోనే ఉంది, వాడటమే కరవు.

ఇంతకీ ఒండ్రు పోయిందా? హుగ్లీలో పూడికతీత నేటికీ ఆగలేదు.

మరొక చిక్కుంది. మొత్తంమీద లాభమే తేలిందనుకుందాం. ఓడల యజమానికి వచ్చిన లాభం, వల ఖాళీ అయిన జాలరి ఇంట పొయ్యి వెలిగించదు కదా! అతనికి పరిహారం అందనిదే లెక్క పూర్తయినట్లు కాదు. మీ ఊరి దగ్గర ఆనకట్టో రేవో కడతామన్నప్పుడు, లాభాల పట్టికలో ఎవరి పేరు లేదో వెతకండి.