మేర గింజలు ఏ వ్యవస్థ కిందికొస్తాయి?

పెట్టుబడిదారీ వ్యవస్థ, సామ్యవాద వ్యవస్థ, మిశ్రమ ఆర్థిక వ్యవస్థ. ఇంటర్మీడియట్ నుంచి ఎం.ఏ. దాకా మేం బట్టీపట్టినవి ఈ మూడే. ఉత్పత్తి సాధనాలు ఎవరివి, ఏం పండించాలో ఎవరు నిర్ణయిస్తారు అన్నదే ఈ వర్గీకరణకు ఆధారం. ఇళ్లల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినోళ్లం. మార్కులొచ్చాయిగానీ మా తాతలు ఏ వ్యవస్థలో బతికారో తెలీలేదు.

మాదిగ చెప్పులు కుట్టాలి, మోట బొక్కెన కుట్టాలి, చచ్చిన గొడ్డును లాగాలి. ఏడాది చాకిరీకి కళ్లం కాడ మేర గింజలు. బేరమాడే వీల్లేదు, మానేసే వీల్లేదు. ఇది మార్కెట్టూ కాదు, ప్రణాళికా కాదు. 1936లో విలియం వైజర్ ఇలాంటి ఏర్పాటును జజ్మానీ వ్యవస్థగా, ఇచ్చిపుచ్చుకునే సంబంధంగా వర్ణించాడు. మాకు చెప్పిన చదువులో అది సమాజశాస్త్రం పాఠమైంది. అర్థశాస్త్రం చేతులు దులుపుకుంది. వామపక్ష మిత్రులు 'అర్ధ భూస్వామ్యం' అన్నారు. భూమి ఎవరిదో ఆ మాట చెప్తుంది. చచ్చిన గొడ్డును మాదిగే ఎందుకు లాగాలో చెప్పదు.

అదే 1936లో అంబేద్కర్ 'కులనిర్మూలన'లో, కులం శ్రమను విభజించడంతో ఆగదు, శ్రామికుల్నే విడగొట్టి మెట్లుమెట్లుగా పేరుస్తుందని చూపించాడు. దీన్ని ఆర్థిక సిద్ధాంతంగానే చదవాలని మా వాదన. 1947లో 'రాష్ట్రాలు - మైనారిటీలు'లో ఇంకో అడుగు వేశాడు. వ్యవసాయం ప్రభుత్వ పరిశ్రమ కావాలి. భూమిని కులమత భేదం లేకుండా ఊరి జనానికి కౌలుకిచ్చి సమష్టిగా సాగు చేయించాలి. భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలీ ఉండకూడదు. ఎన్నికల్లో మారే మెజారిటీలు చెరపకుండా దీన్ని రాజ్యాంగంలోనే రాయాలన్నాడు. రాజ్యాంగం ఆ ప్రణాళికను తీసుకోలేదు. మా సామ్యవాదం పాఠంలోనూ అది లేదు.

అట్లని ప్రభుత్వం యజమాని అయితే చాలా? మున్సిపాలిటీ ప్రభుత్వానిదే, చీపురు ఎవరి చేతిలో ఉంది? 1991 సంస్కరణల తర్వాత ఆ పనిలోకి కాంట్రాక్టర్లొచ్చారు. యజమాని మారాడు, చీపురు పట్టిన కులం మారలేదు. మనిషి మలాన్ని మనిషితో ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం చేయాల్సొచ్చింది. సొత్తు ఎవరిదన్న ఒక్క ప్రశ్నతో ఈ లెక్క తేలదని ఇంతకంటే రుజువేం కావాలి?

పట్టికలో నాలుగో గడి గీసి 'కుల వ్యవస్థ' అని రాసేస్తే పని అయిపోదు. ఆ మూడు గడుల్నీ ఒక్కటే అడగాలి: నీ దగ్గర ఏ పని ఎవరికి పుట్టుకతోనే రాసిపెట్టి ఉంది? ఈ ప్రశ్న వేయని అర్థశాస్త్రం మాకు సగం చదువే.